ఆ 14 గంటలు పాపను ఎక్కడ పడుకోబెట్టాలి?

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"మా పాపకు నాలుగు నెలలు నిండాయి. ఇంకో నెలన్నరలో మావారు, నేను, పాప దూరప్రయాణం చేయాలి. మొదటి విమానం 14 గంటలు, అదీ రాత్రిపూట. మధ్యలో 3 గంటలు ఆగి మళ్లీ 4 గంటల విమానం. మూడు నెలల తర్వాత తిరుగు ప్రయాణం. పాప బరువు ఇప్పుడు 6 కిలోల 800 గ్రాములు. టికెట్లు కొన్నప్పుడు పాపకు ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్టే తీసుకున్నాం. బాసినెట్, అదే విమానంలో పాపను పడుకోబెట్టే తొట్టి, కావాలని ఫోన్ చేస్తే 'రిక్వెస్ట్ నమోదు చేశాం, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం' అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాప పుట్టిన మూడో వారంలో ఒకరోజు కుర్చీలో పాలిస్తూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పాప నా చేతి కిందికి జారి ఉంది. ఏమీ కాలేదు. ఆ విషయం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. పాపకు విడిగా సీటు కొని, అందులో కారు సీటు, అంటే కార్లో పసిపిల్లల్ని పట్టీలతో కూర్చోబెట్టే సీటు, పెడదామంటే ఆయన 'అంత డబ్బు దేనికి, ఇద్దరం ఉన్నాంగా, ఒకరి తర్వాత ఒకరం ఎత్తుకుందాం' అంటున్నారు. అత్తయ్య 'మేం పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే ప్రయాణాలు చేశాం, ఎవరికేమైంది' అంటున్నారు. జలుబు మందు రెండు చుక్కలు వేస్తే హాయిగా పడుకుంటుందని మా ఆడపడుచు సలహా. నేను అతిగా భయపడుతున్నానా? ప్రయాణమే మానుకోవాలా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. బాసినెట్ గురించి, డబ్బు గురించి, అత్తయ్యగారి మాట గురించి వివరంగా రాశారు. కుర్చీలో నిద్రపోయిన సంగతి మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేశారు. నాకేమో ఉత్తరమంతా ఆ నాలుగు ముక్కల చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు అతిగా భయపడటం లేదు. నెలల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు, మెడలో పట్టు తక్కువ. కుర్చీలో కూర్చుని పాపను గుండెలకు ఆనించుకుని మనం నిద్రపోతే చెయ్యి సడలుతుంది. పాప కొద్దికొద్దిగా జారుతుంది. గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, లేదంటే ముఖం బట్టలోనో చేతి మడతలోనో కూరుకుపోతుంది. సన్నటి శ్వాసనాళం అక్కడ నొక్కుకుపోతే పాప ఏడవదు, గింజుకోదు, పక్కవాళ్లకు కూడా తెలియదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లో పసిపిల్లలను గట్టిగా, సమతలంగా ఉన్న చోట వెల్లకిలా పడుకోబెట్టాలని చెప్పింది. సోఫాల్లో, పడక్కుర్చీల్లో పిల్లల్ని పట్టుకుని నిద్రపోవడం చాలా ప్రమాదకరమని గట్టిగా హెచ్చరించింది. విమానం సీటు కూడా అలాంటి కుర్చీయే కదా, కాకపోతే ఇంకా ఇరుకు.

2010 నుంచి 2013 మధ్య వరకు విమానాల్లో పిల్లలకు వచ్చిన అత్యవసర ఆరోగ్య సమస్యలను పరిశీలించిన ఒక అధ్యయనం ఉంది. వేలసంఖ్యలో నమోదైన ఘటనల్లో మరణాలు 10. ఇది చాలా అరుదని ముందు మనసుకు చెప్పుకోండి. కానీ ఆ పదిమందిలో తొమ్మిదిమంది రెండేళ్లలోపు పిల్లలు. ఒళ్లో పిల్లల నిద్ర మీద ఆ అధ్యయనం ప్రత్యేకంగా ఆందోళన వ్యక్తం చేసింది.

నా సంగతి కూడా చెబుతాను. మా చిన్నమ్మాయి ఆరో నెలలో ఒక రాత్రి విమానంలో నా ఎడమచేతి మీద పడుకుంది. దీపాలు ఆర్పేశారు, ఇంజను హోరు జోలపాటలా ఉంది. కళ్లు మూసుకున్నట్టు నాకు తెలియదు. పక్కసీటులోని పెద్దావిడ నా భుజం తట్టి లేపారు. పాప చెంప నా మోచేతి మడతలో ఉంది, నుదుటిమీద జుట్టు చెమటకు అతుక్కుపోయి ఉంది, ముక్కు నా చున్నీకి ఒక వేలెడు దూరంలో ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. "ఇలా ఇవ్వమ్మా, నాకు నిద్ర రాదు, నేను ఎత్తుకుంటాను" అన్నారు. ఆ పెద్దావిడ గుర్తొస్తే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మీకు జరిగింది నాకూ జరిగింది, చాలామంది తల్లులకు జరుగుతుంది, ఎక్కువమంది బయటకు చెప్పరు. మూడు వారాల బాలింత పాలిస్తూ నిద్రపోవడం ఒంటి అలసట. అందులో మీ తప్పు లేదు.

నేను అప్పటి నుంచి ఒకే కొలత పెట్టుకున్నాను. ఎత్తుకున్న మనిషి మేలుకుని ఉన్నంతసేపు ఒడి మంచిచోటే. కునుకు మొదలైన క్షణం నుంచి పాప అక్కడ ఉండకూడదు. మీ ముందున్న దారులన్నిటినీ ఈ కొలతతోనే చూద్దాం.

ముందు బాసినెట్. క్యాబిన్‌లో ముందు గోడ ఉన్న వరుసల్లో, ఆ గోడకు తగిలించే చిన్న తొట్టి అది. సమతలంగా ఉంటుంది కాబట్టి మీ పాప వయసుకు నిద్ర విషయంలో ఇదే అన్నిటికంటే అనుకూలం. ఒక విమానంలో కొన్నే ఉంటాయి, చివరి నిమిషంలో విమానం మారితే సీట్లూ మారిపోతాయి. అందుకే ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. చాలా సంస్థల్లో బరువు పరిమితి 10, 11 కిలోల దగ్గర ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ. పొడవుకూ హద్దు ఉంటుంది, తరచుగా 70 నుంచి 75 సెంటీమీటర్ల ప్రాంతంలో. వెళ్లేటప్పుడు మీ పాప హాయిగా సరిపోతుంది. వచ్చేటప్పటికి ఎనిమిది నెలలు దాటుతాయి. అప్పటికి బరువు సరిపోయినా పొడవు సరిపోకపోవచ్చు. పైగా తనంతట తాను లేచి కూర్చునే పిల్లల్ని బాసినెట్‌లో వదలడం క్షేమం కాదు. కాబట్టి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే ఏర్పాటు సరిపోతుందని అనుకోకండి.

ఇంకో సంగతి ఫోన్‌లో ఎవరూ చెప్పరు. బాసినెట్ దొరికినంత మాత్రాన 14 గంటలూ పాప అందులోనే ఉండదు. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో తీసేస్తారు. కుదుపులు వచ్చి సీటుబెల్టు లైటు వెలిగినప్పుడల్లా చాలా సంస్థల్లో పాపను ఒళ్లోకి తీసుకోమంటారు. రాత్రి రెండింటికి గాఢనిద్రలో ఉన్న పాపను లేపి తీసుకుంటే, మళ్లీ పడుకోబెట్టడానికి గంట పట్టొచ్చు. సరిగ్గా ఆ గంటలోనే మీకు కునుకు వస్తుంది. బాసినెట్ ఉన్నా మీరిద్దరూ ఒకేసారి నిద్రపోవద్దనేది ఇందుకే. తొట్టితోపాటు ఇచ్చే దిండు, మెత్తటి దుప్పటి పక్కన పెట్టేయండి. పాపకు రెండు పొరల దుస్తులు, పైన ఒంటికి తొడిగే స్లీప్‌శాక్ ఉంటే చాలు. బోర్లాపడటం మొదలుపెట్టిన పిల్లలను బిగించి చుట్టకూడదు. వెలుతురు పడుతోందని బాసినెట్ మీద దుప్పటి కప్పేవాళ్లను చూస్తుంటాను, చూసినప్పుడల్లా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. లోపల గాలి ఆడదు, వేడి పెరుగుతుంది, పాప ముఖం మీకు కనిపించదు. నెట్టో పట్టీయో ఇస్తే మాత్రం పెట్టి తీరండి.

రెండోది, పాపకు విడిగా సీటు కొని కారు సీటు బిగించడం. కుదుపులు, ప్రమాదాల విషయంలో దీనికి మించింది లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కూడా పిల్లలకు అతి సురక్షితమైన చోటు తల్లి ఒడి కాదని, ఆమోదం పొందిన కారు సీటని చెబుతుంది. దీని వెనక ఒక విషాదం ఉంది. 1989 జులైలో అమెరికాలోని సూసిటీలో ఒక డీసీ-10 విమానం కూలినప్పుడు ఒళ్లో పిల్లల్ని దుప్పట్లలో చుట్టి నేలమీద పెట్టమని అప్పటి పద్ధతి ప్రకారం చెప్పారు. వాళ్లలో ఒక బాబు చనిపోయాడు. ఆ మాట తన నోటితో చెప్పాల్సి వచ్చిన ప్రధాన ఎయిర్‌హోస్టెస్ జాన్ బ్రౌన్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పసిపిల్లలకు సీటు తప్పనిసరి చేయాలని పోరాడారు. 2005లో ఎఫ్ఏఏ తప్పనిసరి చేయకూడదని నిర్ణయించింది. అదనపు టికెట్టు భారం వల్ల కుటుంబాలు రోడ్డు ప్రయాణాలకు మళ్లుతాయని, అక్కడ ప్రమాదం ఇంకా ఎక్కువని దాని వాదన. ఒళ్లో టికెట్టు అమ్ముతున్నారంటే అదే అన్నిటికంటే సురక్షితమని అర్థం కాదని మీవారికి చెప్పడానికి ఈ కథ పనికొస్తుంది.

కారు సీటులో చిక్కులూ ఉన్నాయి. అది విమానంలో వాడొచ్చని దాని మీదే రాసి ఉండాలి. అమెరికాలో అమ్మే సీట్లమీద ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. వెడల్పు 40 సెంటీమీటర్లు దాటితే చాలా సీట్లలో ఇరుక్కుంటుంది, ఇంట్లోనే టేపు పెట్టి కొలవండి. మీ పాప వయసుకు వెనక్కి తిరిగి ఉండేలా బిగించాలి, అప్పుడు ముందు ప్రయాణికుడు సీటు వాల్చుకోలేకపోవచ్చు. సాధారణంగా కిటికీ పక్కనే పెట్టమంటారు, ఎవరి దారికీ అడ్డం రాకుండా. కొన్ని సీట్ల బెల్టుల్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, వాటికి కారు సీటు బిగించకూడదు. కారు సీట్లో రోజూ నిద్రపుచ్చవద్దని పిల్లల డాక్టర్లు చెప్పే మాట మీరు వినే ఉంటారు. అది నిజమే. కానీ ప్రయాణంలో సరిగ్గా బిగించి, భుజాల పట్టీలు వదులుగా లేకుండా పెట్టి, సరైన వాలులో ఉంచి, మెలకువగా ఉన్నవాళ్లు గడ్డం ఛాతీకి ఆనకుండా చూసుకుంటుంటే ఫర్వాలేదు. ఊపిరి బాగా ఆడుతుందని పట్టీలు వదులు చేయడమే అసలు పొరపాటు. వదులు పట్టీల్లోనే పిల్లలు కిందికి జారతారు. మధ్యలో ఆగే 3 గంటలు పాపను అందులోంచి తీసి, సమతలంగా ఉన్న చోట కాసేపు కాళ్లు చేతులు ఆడించనివ్వండి.

డబ్బు మాట తీసిపారేయదగ్గది కాదు, మీవారి మాటలోనూ న్యాయం ఉంది. రెండింటి మధ్య ఒక దారి ఉంది. టికెట్టు మార్చకుండా కారు సీటు విమానాశ్రయానికి తీసుకెళ్లి, చెకిన్ కౌంటర్ దగ్గర, మళ్లీ బోర్డింగ్ గేటు దగ్గర పక్కన ఖాళీ సీటు ఇప్పించగలరా అని అడగవచ్చు. విమానం నిండకపోతే కొన్నిసార్లు ఇస్తారు. నిండితే కారు సీటును గేటు దగ్గరే సామానులో వేయిస్తారు. ఇది జూదమే, దీనిమీదే ఆశపెట్టుకుని వెళ్లవద్దు. సెలవుల సీజన్‌లో ప్రయాణమైతే అసలే వద్దు. ఇంకో ఆలోచన, వెళ్లేటప్పుడు బాసినెట్ మీద ఆధారపడి, తిరుగు ప్రయాణానికి మాత్రం సీటు కొనడం. అప్పటికి పాప బాసినెట్‌లో సరిపోకపోవచ్చు, ఒళ్లో నిలవదు కూడా. ఖర్చు సగమే అవుతుంది కాబట్టి మీవారు కూడా ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మూడోది, ఒడి. బాసినెట్ రాక, సీటూ కొనకపోతే మిగిలేది ఇదే. 4 గంటల రెండో విమానంలో చాలామటుకు ఇదే గతి, ఎందుకంటే ఒకే నడవా ఉండే చిన్న విమానాల్లో బాసినెట్లు అంతగా ఉండవు. ఇద్దరు పెద్దవాళ్లున్నారు కాబట్టి ఇది చేయగలిగిన పనే. కానీ "ఒకరి తర్వాత ఒకరం ఎత్తుకుందాం" అన్న మాట సరిపోదు. ఎవరు ఎప్పుడనేది కాగితం మీద ఉండాలి. రాత్రి ఎక్కాక మొదటి రెండు గంటలు ఆయన, తర్వాతి రెండు మీరు, అలా. పాలు పట్టాల్సి వస్తే లేచి పట్టండి, అయిపోగానే ఆయన చేతికి ఇచ్చేయండి. పాలిచ్చాక వచ్చే మత్తు ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. మేలుకునే వంతు ఎవరిదైతే వాళ్లు ఫోన్‌లో పదిహేను నిమిషాలకోసారి వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. కళ్లు మూతలు పడుతున్నాయంటే సిగ్గుపడకుండా రెండోవాళ్లను లేపాలి. ఈ ఒక్క షరతు మీద ఇద్దరూ ముందే మాట ఇచ్చుకోండి, వంతు పూర్తికాకముందే లేపావని తర్వాత ఎవరూ విసుక్కోకూడదు. ఇద్దరికీ తట్టుకోలేని నిద్ర వస్తే ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి చెప్పండి. ఎత్తుకునే తీరిక వాళ్లకు ఉండకపోవచ్చు, కానీ ఎక్కడైనా ఖాళీ సీటుంటే చూస్తారు, ఆ వైపు వచ్చినప్పుడల్లా పాపమీద ఓ కన్నేసి ఉంచుతారు.

బేబీ క్యారియర్‌లో ఛాతీకి కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి, నడవాలో నడవొచ్చు. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు సాధారణంగా విప్పమంటారు. కట్టుకున్నప్పుడు పాప ముఖం మీకు కనిపిస్తూ ఉండాలి, తల వంచితే నుదుటిమీద ముద్దుపెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి, గడ్డానికీ ఛాతీకీ మధ్య ఖాళీ ఉండాలి. కట్టుకుని మీరు నిద్రపోతే మాత్రం కుర్చీలో నిద్రపోయినట్టే.

కొన్ని దారులు అసలు దారులే కావు. సీట్ల మధ్య నేలమీద దుప్పటి పరిచి పడుకోబెట్టడం అలాంటిది. కుదుపు వస్తే పాపను పట్టుకునేది ఏదీ ఉండదు, ఆక్సిజన్ మాస్క్ అక్కడిదాకా అందదు, పైనుంచి ఏదైనా పడొచ్చు. కాళ్ల దగ్గర పెట్టుకునే గాలిదిండ్లు, వేలాడే ఉయ్యాలలు పెద్ద పిల్లల కోసం అమ్ముతారు, చాలా సంస్థలు వాటికీ ఒప్పుకోవు. నాలుగైదు నెలల పాపకు అవి మెత్తటి గుంటలు.

ఇక మీ ఆడపడుచు సలహా. ఆమె మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ దయచేసి ఆ చుక్కలు వేయకండి. జలుబు, అలర్జీ మందుల్లో మత్తు కలిగించేవి పసిపిల్లల ఊపిరిని మందగింపజేయొచ్చు. కొందరు పిల్లల్లో తిరగబడి నిద్రకు బదులు విపరీతమైన చికాకు తెస్తాయి. విమానం లోపల గాలి ఒత్తిడి 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నట్టు ఉంటుంది, అంటే ఆక్సిజన్ మామూలుకంటే కొంచెం తక్కువే అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాపకు అది ఇబ్బంది కాదు. అలాంటి చోట మత్తుమందు తోడవకూడదు. పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే, ఊపిరితిత్తుల ఇబ్బందేదైనా ఉండి ఉంటే, ప్రయాణానికి ముందే మీ పిల్లల డాక్టరును అడగండి.

అత్తయ్యగారితో వాదించకండి. ఆవిడ ఒళ్లో పెట్టుకుని పెంచిన మాట నిజమే. "మీరు రాత్రంతా మేలుకుని కాచుకున్నారు అత్తయ్యా, మాకు అంత ఓపిక ఉంటుందో లేదోనని భయం" అనండి. ఆవిడ అనుభవాన్ని కాదన్నట్టూ ఉండదు, మీ మాట మీరు చెప్పినట్టూ ఉంటుంది.

మీవారి సంగతి వేరు. ఆయనకు తెలిసిందల్లా మీరు ఇంకో టికెట్టు అడుగుతున్నారని. ఎందుకు అడుగుతున్నారో తెలియదు. ఆ మూడో వారం సంగతి ఆయనకు చెప్పండి. ఎలా చెప్పాలో నేను నేర్పక్కర్లేదు, మీరు నాకు రాసిన ఆ నాలుగు వాక్యాలే చదివి వినిపించినా చాలు. విన్నాక కూడా సీటు వద్దనే అనొచ్చు, అది వేరే లెక్క. కానీ అప్పుడు "మార్చి మార్చి ఎత్తుకుందాం" అన్న మాటను ఇప్పటిలా తేలిగ్గా అనరు. రాత్రి మూడింటికి మీరు భుజం తట్టినప్పుడు ఎందుకు లేపుతున్నారో ఆయనకు తెలిసి ఉంటుంది.

ప్రయాణం మానుకోవాలా అని అడిగారు. వెళ్లాల్సిన అవసరం ఎంతటిదో మీరు రాయలేదు, అది మీకే తెలియాలి. వాయిదా వేస్తే పాప పెద్దదవుతుంది, మెడ గట్టిపడుతుంది, నిద్రలో ఊపిరి ఆగే ప్రమాదం వయసుతోపాటు తగ్గుతుంది. అదే సమయంలో బాసినెట్ వయసు దాటిపోతుంది, 14 గంటలు ఒళ్లో కూర్చోబెట్టడం ఇంకా కష్టమవుతుంది. పగటి విమానం దొరికితే, లేదా మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా దిగి పడుకునేలా టికెట్టు మార్చుకోగలిగితే, వాయిదా కంటే అదే నాకు నచ్చుతుంది. పాపను ఒక రాత్రి సమతలంగా ఉన్న మంచంలో పడుకోబెట్టగలుగుతారు, మీరూ నిద్రపోతారు.

రేపు మళ్లీ ఫోన్ చేసినప్పుడు బాసినెట్ ఉందా అని మాత్రమే అడిగి పెట్టేయకండి. మా రిక్వెస్ట్‌కు ఫలానా వరుసలో సీటు నంబరు కేటాయించారా, బరువు, పొడవు పరిమితి ఎంత, రెండో విమానంలో ఉందా, తిరుగు ప్రయాణానికి నమోదైందా, కారు సీటు తెస్తే ఏ సీట్లలో బిగించనిస్తారు అని అడగండి. సమాధానం చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి పెట్టుకోండి. వీలైతే ఈమెయిల్‌లో పంపమనండి. ప్రయాణానికి మూడు రోజుల ముందు మరోసారి, కౌంటర్ దగ్గర ఇంకోసారి సరిచూసుకోండి. ఆ రోజు విమానాశ్రయానికి ముందుగా చేరండి, సీట్ల సర్దుబాటు వరుసలో ముందున్నవాళ్లకే సులువుగా జరుగుతుంది. గోడ ఉన్న వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి టేకాఫ్‌కు ముందు పాప సంచి కూడా పైన పెట్టేయమంటారు. సీటుబెల్టు లైటు ఆరిపోయేదాకా కావాల్సిన డైపరు, పాలసీసా, ఒక జత బట్టలు వేరే చిన్న సంచిలో వేసి, ముందు గోడకు జేబు ఉంటే అందులో పట్టేలా సర్దుకోండి.